చెవి మేస్త్రికి వినపడనిది

సందు మలుపులో ఉన్న షెడ్డు గుమ్మానికి ఒక మేకు ఉంది. ఆ మేకుకి ఎర్రగుడ్డ వేలాడిందంటే సందంతా చప్పుడు ఆపాలని అర్థం. ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలవాటు అలా కుదిరిపోయింది. ఎదురు కొట్టులో బట్టలు కుట్టే ఆవిడ మిషను మీంచి కాలు తీసేస్తుంది. పక్క కొట్టులో రేకు బకెట్లూ గరాటులూ చేసే మనిషి సుత్తిని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంటాడు. బండి మీద వచ్చేవాడు ఇంజను ఆపి, దిగి, నెట్టుకుంటూ పోతాడు. కాసేపు ఆ సందులో ఎండ తప్ప ఏదీ కదలదు. ఆ నిశ్శబ్దం లోపల, బానెట్ ఎత్తిన ఏదో ఒక కారు మీదకి వంగి, చెవి మేస్త్రి పారిపోతున్న గాలిని వెతుకుతూ ఉంటాడు.

అతని చెవులేమీ పెద్దవి కావు. పేరు పనివల్ల వచ్చింది. ఊళ్లో మెకానిక్కులకి కొదవ లేదు గానీ, టర్బో ఉన్న కారు లాగడం లేదంటే మిగతా షెడ్లవాళ్లు కూడా ఇటే వేలు చూపిస్తారు. టర్బో అంటే ఇంజను వదిలేసే పొగతోనే తిరిగే చిన్న చక్రం. అది బయటి గాలిని అదిమి ఇంజనులోకి నెడుతుంది. ఆ అదిమిన గాలి నడిచే దారిలో ఎక్కడో ఒక చిల్లు పడిందా, కారు బలం అక్కడే కారిపోతుంది. చిల్లేమో కంటికి కనపడే చోట ఉండదు. రబ్బరు పైపు అడుగున, క్లిప్పు కింద, వేలు కూడా దూరని వెనక మూలలో ఉంటుంది. అందుకే దాన్ని వినాలి.

వినడం అతనికి సైకిలు షాపులో మొదలైంది. షాపు మేనమామది. అందరూ ట్యూబుని నీళ్లతొట్టిలో ముంచి బుడగలు చూస్తే, నీళ్లు కరువైన వేసవిలో మేనమామ "చెంపకి ఆనించుకోరా, అదే చెబుతుంది" అనేవాడు. చెంప మీద సూది మొనంత చల్లదనం తగిలేది. కొన్నాళ్లకి చెంప దాకా రాకముందే చెవికి తెలిసిపోయేది. తర్వాత లారీల షెడ్డులో, గాలి బ్రేకుల కింద వెల్లకిలా పడుకుని, ఫలానా జాయింటు దగ్గర కారుతోందని కళ్లు మూసుకుని చెప్పేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. స్పానరు పెట్టి చూశాక నవ్వడం మానేసేవాళ్లు.

భార్య పరిచయమైంది కూడా ఈ చెవివల్లే. ఎదురు కొట్టులో కుట్టే ఆవిడే ఆమె. అప్పట్లో ఒకరోజు అటుగా పోతూ ఆగి, "అమ్మాయ్, నీ మిషను కింద ఒక స్క్రూ వదులైంది" అన్నాడు. "నా మిషను సంగతి నీకెందుకు? నీ దారిన నువ్వు పో" అంది ఆమె. మర్నాడు స్క్రూ ఊడి ఆమె పాదం మీద పడింది. ఈ కథ ఎవరైనా ఎత్తితే ఆమె ఇప్పటికీ ఒకటే మాట అంటుంది: "ఈయనే వచ్చి వదులు చేసిపోయుంటాడు. లేకపోతే మిషన్లు మాట్లాడతాయా ఏంటి?"

అలాంటి మనిషి ఇంట్లో టీవీ సౌండు పెంచుతున్నాడని మొదట ఎవరూ పట్టించుకోలేదు. "మీరందరూ ఈమధ్య గొణుగుతున్నారు" అని ఆయన విసుక్కుంటే నిజమే కాబోలనుకున్నారు. సుత్తి దెబ్బ వినపడుతోంది, హారన్ వినపడుతోంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడు. ఇంకేం కావాలి? చెవి పోవడమంటే లోకమంతా ఒక్కసారి మూగబోవడం అని అందరూ అనుకుంటారు. అది అలా పోదు. చీర అంచు నుంచి పోగులు ఊడినట్టు సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి, మధ్య బట్ట అంతా అలాగే ఉంటుంది.

పశువుల డాక్టరమ్మ కారు వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆమె కొండ మీది పశువుల కొట్టాలకి తిరుగుతుంది. ఎవరో వాడిన కారు కొనుక్కుంది. పెట్రోలుది, చిన్నది, కానీ టర్బో ఉంది కాబట్టి ఘాటు రోడ్డు ఎక్కుతుందని నమ్మింది. అంతకుముందే ఒకసారి కారు ఆగి ఉన్నప్పుడు వణుకుతోందని తెస్తే మేస్త్రి ప్లగ్గులు మార్చి పంపించాడు.

"మేస్త్రిగారూ, వణుకు పోలేదు," అంది డాక్టరమ్మ తాళం చేతిలో పెడుతూ. "దానికి తోడు ఇప్పుడు ఎత్తు ఎక్కడం లేదు. నిన్న ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే బయల్దేరాను. నా వెనక నడిచి వచ్చినవాళ్లు నాకన్నా ముందు చేరారు."

"ఆవు?" అన్నాడు బావమరిది. షెడ్డులో వైరింగు పనీ, స్కానరూ అతనివి. మాట మధ్యలో దూరడం కూడా అతనిదే.

"ఆవు బాగానే ఉంది. దూడ కూడా. దాని సంగతి తర్వాత, ముందు దీన్ని చూడు."

బావమరిది స్కానరు తగిలించి చదివాడు. "గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అంటోంది బావా. టర్బో ఒత్తిడి చాలడం లేదని కూడా అంటోంది."

"అది ఒళ్లు వేడిగా ఉందని చెబుతుంది. ఎందుకుందో చెప్పదు," అని మేస్త్రి ఎర్రగుడ్డ తీసి మేకుకి తగిలించాడు.

సందు ఆగింది. బావమరిది టర్బో నోటికి బిరడా బిగించి, బిరడాకున్న వాల్వులోంచి కంప్రెసరు గాలిని కొద్దికొద్దిగా లోపలికి వదిలి, మోటారు ఆపేశాడు. మేస్త్రి సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని ఒక్కొక్క జాయింటు మీదుగా, మెల్లగా, చంటిపిల్ల ఒంటి మీద చెయ్యి జరిపినట్టు జరుపుకుంటూ పోయాడు. ఒక చుట్టు అయ్యింది. తల ఊపి, ఇంకో చుట్టు తిరిగాడు.

"ఒత్తిడి గేజీలో ముల్లు దిగుతోంది బావా," అన్నాడు బావమరిది గుసగుసగా.

మేస్త్రి చూడలేదు. బావమరిది భుజం తట్టి గేజీ చూపించాడు.

"దిగుతుంది. ఇంజనులో ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటుంది, అందులోంచి పోతుంది. బయట ఎక్కడా లీకు లేదు."

తర్వాత టర్బో చక్రాన్ని వేలితో పట్టుకుని ఊపాడు. కొంచెం కదిలింది. కొత్తదైనా కొంచెం కదులుతుంది. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. కానీ లీకు లేదని చెవి చెప్పాక వేలు చెవిని సమర్థించింది.

"టర్బో పోయింది డాక్టరమ్మా. వణుకు వేరే జబ్బు, అది తర్వాత చూద్దాం."

చెవి మేస్త్రి పోయిందన్నాడంటే పోయినట్టే. డాక్టరమ్మ పెద్ద ఊరికి ఫోను చేసి టర్బో పంపమని చెప్పింది. రేపు పొద్దున తీసుకొస్తానని చెప్పి ఆటో ఎక్కింది. ఎర్రగుడ్డ దిగింది. సుత్తి మోగింది.

సాయంత్రం వంటింట్లో, పొయ్యి పక్కనే నిలబడి మేస్త్రి గోళ్లు తీసుకుంటున్నాడు. గిన్నె అంచు దాటిన పాలు మంట మీద చుయ్యిమంటున్నాయి. భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది.

"పక్కనే నిలబడ్డావు కదయ్యా! కళ్లు సరే, గోళ్ల మీదున్నాయి. చెవులు ఎక్కడ పెట్టావు?"

"చూడలేదు."

"చూడమని ఎవరన్నారు?" అని పొయ్యి తుడుస్తూ, తుడవడం ఆపి, ఒకసారి అతని వంక చూసింది.

మర్నాడు పొద్దున టీ దగ్గర రేకులన్న మాట ఎత్తాడు. బకెట్లు చేసే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. మేస్త్రికన్నా కాస్త పెద్దవాడు. రోజంతా రేకు మీద కొట్టే మనిషికి నిశ్శబ్దమంటే భోగం. ఎర్రగుడ్డ ఎప్పుడు వేలాడుతుందా అని ఎదురుచూస్తాడు.

"నిన్న భలే సన్నగా వినపడింది మేస్త్రీ. సుయ్యిమని, ఒకటే రాగం. ఎక్కడిదది?"

"ఏది?"

"అదేనయ్యా, నువ్వు గొట్టం పెట్టుకుని విన్నావే, ఆ చప్పుడు. నా కొట్టు దాకా వచ్చింది. మరి లీకు లేదన్నావు కదా, మీ కంప్రెసరు పైపు కాబోలనుకున్నా."

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. బావమరిది వైపు తిరిగాడు. "నీకూ వినపడిందా?"

"వినపడింది బావా. నువ్వు తల ఊపావు కదా. అది లెక్కలోది కాదేమో, నీకు తెలిసే ఉంటుంది కదా అనుకున్నా."

ఇదీ జరిగింది. ఆయన వినడం కోసం సందంతా ఊపిరి బిగబట్టింది. బిగబట్టిన ప్రతి మనిషికీ ఆ చప్పుడు వినపడింది. ఆయనకి వినపడకుండా తమకి వినపడటం అనేది వాళ్ల ఊహకే అందలేదు. అందుకని ప్రతి ఒక్కరూ తమ చెవినే తప్పు పట్టుకుని, ఎవరి పనికి వాళ్లు పోయారు.

మేస్త్రి ఎదురు కొట్టుకి వెళ్లి, నేల మీద పడున్న ఒక దారం ముక్క తెచ్చుకున్నాడు. షెడ్డు వెనక్కి పోయి కంప్రెసరు పైపు మూతికి ఆ దారం కట్టి, కుళాయి కొంచెం తిప్పాడు. దారం కదలలేదు. ఇంకొంచెం తిప్పాడు. దారం వణికింది, లేచింది, గాలిలో అడ్డంగా నిలబడింది. చూస్తూనే ఉన్నాడు. ఏ చప్పుడూ లేదు. కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎడమ చెవి దగ్గర పెట్టుకున్నాడు. దారం మెరుస్తూ ఊగుతోంది, ఎవరో దూరంగా, అద్దానికి అవతల నిలబడి మాట్లాడుతున్నట్టు.

"దారం దేనికా అని వస్తే, గాలంతా తగలేస్తున్నావా?" వెనక భార్య నిలబడి ఉంది.

"నీకు వినపడుతోందా?"

"వినపడక? చెవి కోసేస్తుంటే!"

అన్నాక ఆమెకి అర్థమైంది. వచ్చి, తనే కుళాయి కట్టేసింది. దారం వాలిపోయింది.

"పాలప్పుడే అనుకున్నా," అంది. దారం విప్పుతూ, "ఎన్నాళ్లనుంచి?" అంది.

"తెలిస్తే కదా. వినపడనిది వినపడటం లేదని ఎలా తెలుస్తుంది?"

బావమరిది కూడా వచ్చాడు. సంగతి వినగానే అతనికి కంగారు పట్టుకుంది, ఉపాయమూ తట్టింది. "బావా, డాక్టరమ్మ రావడానికి ఇంకా టైముంది. సబ్బునీళ్లు కొట్టి చిల్లు ఎక్కడుందో పట్టేద్దాం. పైపు మార్చేద్దాం. టర్బో విప్పేముందు ఇంకోసారి చూశాం, దొరికిందని చెబుదాం. అబద్ధం కూడా కాదు. నీ చెవి సంగతి మన ముగ్గురికి తప్ప..."

మేస్త్రి ఆ మాటకి తల ఊపాడు. ఊపినందుకు సిగ్గుపడేలోపే చేతిలోకి బ్రష్షు వచ్చింది. సబ్బు నురగ కలిపి, కారులోకి గాలి ఎక్కించి, ఇద్దరూ దొరికిన జాయింటుకల్లా నురగ పూశారు. ఎర్రగుడ్డ వేలాడదీయలేదు. అది తగిలిస్తే సందంతా తెలిసిపోతుంది. రేకులన్న సుత్తి మోగుతూనే ఉంది, ఆ మోతలో బావమరిదికి కూడా ఏమీ వినపడలేదు. నురగ అనేది పూసిన చోట మాత్రమే నిజం చెబుతుంది. ఎక్కడ పూయాలో చెప్పదు. అది చెప్పాల్సింది చెవి. పైపులన్నీ తెల్లగా తడిసి మెరిశాయి, ఒక్క బుడగా లేవలేదు.

"దొరకకపోతే పోనీ, ఈసారికి టర్బో మార్చేద్దాం," అన్నాడు బావమరిది.

"మార్చాక కూడా ఎక్కకపోతే?"

బావమరిది బ్రష్షుని బకెట్టులో పడేశాడు.

"పోనీ, ఇప్పుడు దొరికిందే అనుకో. తర్వాతి కారుకి ఏం చేస్తావురా? మళ్లీ గుడ్డ తగిలిస్తాను. మళ్లీ అందరూ ఆగుతారు. నేను మళ్లీ తల ఊపుతాను."

ఆటో వచ్చి ఆగింది. డాక్టరమ్మ కొత్త టర్బో పెట్టెని రెండు చేతులా గుండెకి ఆనించుకుని దిగింది, ఏ కొట్టంలోనో అప్పుడే పుట్టిన దూడని ఎత్తుకొచ్చినట్టు.

"తెచ్చాను మేస్త్రిగారూ. ఇప్పుడే విప్పేస్తారా?"

భార్య ఎదురు కొట్టు గుమ్మంలో, మెడలో టేపు వేసుకుని నిలబడి చూస్తోంది. బావమరిది నురగ బకెట్టు కాలితో వెనక్కి జరిపాడు. మేస్త్రి కళ్లు పెట్టె మీదున్నాయి. ఊ అంటే చాలు. మధ్యాహ్నానికి పాత టర్బో బల్ల మీదుంటుంది, ఇంకెవరికీ ఏమీ తెలియదు.

"పెట్టె విప్పకండమ్మా," అన్నాడు. "టర్బో పోలేదేమో. నా చెవి పోయింది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు.

"లీకు ఉంది. నిన్న సందులో అందరికీ వినపడింది. నాకు వినపడలేదు. వినపడలేదని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది."

ఆమె పెట్టెని మెల్లగా బల్ల మీద పెట్టింది. "ఒక చెవా, రెండూనా?" అని అడిగింది, ఆవు ఎప్పటినుంచి మేత ముట్టడం లేదని అడిగినట్టు.

"రెండూనండి. సన్నటి చప్పుడు అసలు లేదు."

"సరే, అది పరీక్ష చేయించుకోవాల్సిన సంగతి. ఇప్పుడు దీన్ని ఎవరు వింటారు?"

మేస్త్రి ఎర్రగుడ్డ తగిలించాడు. సందు ఆగింది. కానీ ఈసారి ఆయన బానెట్ మీదకి వంగకుండా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రేకులన్నా, రా. ఏమేవ్, నువ్వూ రా. నిన్న మీకు వినపడిన చప్పుడు ఎక్కడుందో చూపించండి."

రేకులన్న సుత్తి పట్టుకునే వచ్చాడు. గాలి ఎక్కించగానే కళ్లు మూసుకుని, ఠీవిగా వేలు చాచి రేడియేటరు చూపించాడు.

"అక్కడ గాలే ఉండదన్నా," అన్నాడు బావమరిది. "అది నీళ్లది."

"నాకు ఇటువైపునుంచే వస్తోంది మరి. రేకు మీద కొట్టీ కొట్టీ ఇది కాస్త వంకరైంది," అని చెవి రుద్దుకున్నాడు.

"జరగండి ఇద్దరూ. వినడం తక్కువ, మాట్లాడటం ఎక్కువ." భార్య ముందుకొచ్చింది. మేస్త్రి చేతిలోంచి గొట్టం తీసుకుని చెవిలో పెట్టుకుంది. రెండో కొసని ఎలా పట్టుకోవాలో మేస్త్రి ఆమె వేళ్లు సర్ది చూపించాడు. ముందు దగ్గరి పైపులు. తర్వాత వెనకవి. ఎప్పుడూ సూది మీదే ఉండే ఆమె కళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు. ఇంజను వెనక, సీట్లకి అడ్డుండే రేకుగోడ వైపు, గొట్టం ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఇక్కడ," అంది.

అక్కడ వేలు లావున్న ఒక రబ్బరు పైపు కిందికి వంగి మాయమవుతోంది. మేస్త్రి నడుము వంచి, చెయ్యి గీసుకుపోతున్నా లోపలికి దూర్చి, పైపు అడుగున నురగ పూశాడు. చిన్న అద్దం పెట్టి చూశాడు. అద్దంలో ఒక బుడగ పుట్టింది, ఉబ్బింది, పగిలింది. ఇంకొకటి పుట్టింది. రబ్బరు మీద గోటిగాటంత చీలిక. ఒత్తిడి ఉన్నప్పుడు తెరుచుకుంటోంది, లేనప్పుడు పెదవుల్లా మూసుకుంటోంది.

అప్పుడు మేస్త్రికి మొత్తం అర్థమైంది. చెబుతున్నప్పుడు గొంతులో పాత ధీమా కొంచెం తిరిగొచ్చింది.

"రెండు జబ్బులు కాదమ్మా, ఒకటే. కారు ఊరికే ఆగి ఉన్నప్పుడు ఇంజను గాలిని పీలుస్తూ ఉంటుంది. ఆ పీల్పుకి ఈ చీలిక విచ్చుకుని లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. అందుకే వణుకు. కొండెక్కేటప్పుడు టర్బో ఒత్తిడి వస్తుంది. అప్పుడు ఇదే చీలికలోంచి బయటికి పోతుంది. టర్బో చేసిన గాలిని వెనక్కి వదిలేసే చిన్న తలుపు ఒకటుంది. దాన్ని మూసి పట్టుకునేది ఈ పైపులో వచ్చే ఒత్తిడే. అది కారిపోతే తలుపు తెరుచుకుంటుంది, చేసిన గాలంతా చుట్టూ తిరిగి మళ్లీ టర్బో నోటికే వస్తుంది. ప్లగ్గులు మార్చినా వణుకు పోలేదని మీరు చెప్పినప్పుడే నేను ఆగాల్సింది. ఆగలేదు."

బావమరిది పైపు మార్చాడు. కారు స్టార్ట్ చేస్తే అద్దాలు వణకలేదు. డాక్టరమ్మ కొండ దాకా వెళ్లి వచ్చి, "ఎక్కింది. మూడో గేరులోనే ఎక్కింది," అంది. టర్బో పెట్టెని మళ్లీ గుండెకి ఆనించుకుని వెనక సీట్లో పెట్టుకుంది. పెద్ద ఊళ్లో కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడో లేదో వాడితో తనే మాట్లాడుకుంటానంది. వెళ్లేముందు చెవుల డాక్టరు ఫోను నంబరు మేస్త్రి చేత ఫోనులో ఎక్కించి, ఎక్కిందో లేదో చూసి మరీ వెళ్లింది.

ఆ డాక్టరు పరీక్ష చేసి చెప్పింది కొత్తదేమీ కాదు. సన్నటి చప్పుళ్లు పోయాయి, తిరిగి రావు. మాటల కోసం చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు. అది పెట్టుకున్నాక ఇంట్లో ఎవరూ గొణగడం లేదని మేస్త్రి ఒప్పుకున్నాడు. గాలి చప్పుడు మాత్రం అందులో కంప్రెసరుదీ, ఫ్యానుదీ, చిల్లుదీ అన్నీ ఒకటే ముద్ద.

చెవి మేస్త్రి షెడ్డులో చెవి లేదట అని కొన్నాళ్లు ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. కొందరు రావడం మానేశారు. కొందరు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడట అని కొత్తగా వచ్చారు. పేరు మాత్రం మారలేదు.

ఇప్పటికీ మేకుకి ఎర్రగుడ్డ వేలాడుతుంది. సుత్తి ఒళ్లో పడుకుంటుంది. ఎదురు కొట్టులో మిషను ఆగి, మెడలో టేపుతో ఆవిడ సందు దాటి వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ పైపు ఎటు పోతుందో మేస్త్రి చెబుతాడు. ఆమె వింటుంది. ఆమె వేలు ఆగిన చోట అతను నురగ పూస్తాడు, అద్దం పెడతాడు, ఇద్దరూ బుడగ కోసం చూస్తారు.

మొన్నొక కారు దగ్గర చాలాసేపు దొరకలేదు. గొట్టం అటూ ఇటూ తిరుగుతోంది. ఆమె భుజం పక్కనే వంగి మేస్త్రి ఎదురుచూస్తున్నాడు.

"ఏమయ్యా," అంది ఆమె తల తిప్పకుండా, అతని చెవిలోని మిషనుకి అందేంత గట్టిగా. "నీ ఊపిరి అడ్డమొస్తోంది. కాస్త బయట నిలబడు."

అతను బయటికెళ్లి, ఎర్రగుడ్డ పక్కన, రేకులన్నకి ఎడంగా నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దాన్ని బయటినుంచి చూడటం అతనికి అదే మొదటిసారి. సైకిలు మీద వస్తున్నవాడొకడు గుడ్డని చూసి దిగబోతూ, షెడ్డు బయట మేస్త్రి కనపడేసరికి అయోమయంగా ఆగిపోయాడు.

మేస్త్రి లోపలికి చూపించి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు.